కృష్ణాపురపు ఎర్రగడ్డయు పరదేశ వర్తకమును



మన సరకు పరదేశమునకు బోవలెనన్న రెండు తలుపులు తెఱచియుండవలెను: కొనువారిది యొకటి, మనది యొకటి. అంతర్జాతీయ వర్తక ఒప్పందములు ఏ తలుపును ఎంతవఱకు తెఱచునో కృష్ణాపురపు ఎర్రగడ్డవలన నేర్చుకొనవచ్చును.

కడప, కర్నూలు ప్రాంతములందు పండు నీ గడ్డ చిన్నది, ఘాటు మెండు. మన యిండ్లలో దీనిని వండువారు అరుదు. మలేసియా, సింగపూరు, థాయిలాండు, శ్రీలంక దేశములవారే దీనిని ముఖ్యముగా కొనువారు. ఓడ కదలనినాడు ఈ పంటకు ఊరిసంతలో గిరాకి లేదు.

కొనువారి తలుపు: ఆగ్నేయాసియా దేశముల కూటమితో భారతదేశము 2009 ఆగస్టులో వస్తువర్తక ఒప్పందము చేసికొనెను. అది 2010 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, పెక్కు సరకులపై సుంకములను క్రమముగా తగ్గించెను.

మన తలుపు: 2020 సెప్టెంబరు 14వ తేదీన, దేశములో ధర హెచ్చుచున్నందున, కేంద్రప్రభుత్వమువారు ఉల్లి యెగుమతిని నిషేధించిరి. ఇచ్చట తినని గడ్డయు ఆ నిషేధములో చిక్కుకొనెను. ప్రపంచ వర్తక సంస్థ నిబంధనలు దీనిని వారింపజాలవా యని యడుగవచ్చును. సామాన్యముగా ఎగుమతి నిషేధము కూడదనియే వాని మతము. కాని ఆహారపు కొఱత తీవ్రమైనపుడు తాత్కాలికముగా నిషేధింపవచ్చునని 11వ అధికరణము చెప్పుచున్నది. కొను దేశముల ఆహారభద్రతను తలపవలెనని వ్యవసాయ ఒప్పందము చెప్పునుగాని, చేనిలో పైరున్న రైతును గూర్చి యది పలుకదు.

మఱి తలుపు ఎట్లు తెఱచుకొనెను? అక్టోబరులో ప్రభుత్వమువారు కృష్ణాపురపు గడ్డను వేఱుచేసి, 10,000 టన్నులను 2021 మార్చి 31లోగా చెన్నపట్టణపు రేవునుండి పంపుటకు అనుమతించిరి. సరకును, పరిమాణమును ఉద్యానశాఖవారు ధ్రువపఱుపవలెనని నియమము. తనకొక పేరును, గుర్తును ఉండబట్టియే ఈ గడ్డకు మినహాయింపు సాధ్యమయ్యెను.

పేరునకు చట్టరక్షణయు కలదు. ప్రపంచ వర్తక సంస్థ ఒప్పందములను అనుసరించి మన దేశమున 1999లో భౌగోళిక గుర్తుల చట్టము వచ్చినది. బనగానపల్లె మామిడికి 2017లో ఆ గుర్తింపు లభించినది.

కావున సహకార సంఘములు చేయవలసినవి మూడు:

1. ఈ గడ్డను ఇతర రకములతో కలుపకుండ వేఱుగా నిలువచేయుట.

2. సభ్యుల సాగుబడి యెకరములను, దిగుబడిని సంఘపు పుస్తకములో ఏటేట వ్రాసి యుంచుట.

3. నిషేధము వచ్చిననాడు ఆ లెక్కలతో ఒక్కుమ్మడిగా మహజరు పంపుట.

ఒప్పందము పొరుగువాని తలుపు తెఱచును. మన తలుపు తెఱపించుకొనుటకు మన లెక్కయు, మన ఐకమత్యమునే యాధారములు.