ఎఫ్‌సీ బండి కొన్న మేనకోడలికి

చి. మేనకోడలికి,



నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ముక్కు లేని మొహం, గుండ్రటి లైట్లు, వెనక పొట్టి తొట్టి. మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్పే, అనుమానం లేదు. ఫోన్లో ఎంత మాట్లాడినా కొన్ని సంగతులు కాగితం మీద ఉంటేనే పనికొస్తాయి. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లైను మీద పనిచేసినవాణ్ణి, ఆ తర్వాత కూడా బండ్ల మధ్యే బతికినవాణ్ణి. నీకేమో మాదాపూర్‌లో ఉద్యోగం, కొండాపూర్‌లో అపార్ట్‌మెంటు, చేతికి దొరికేది శని, ఆదివారాలు. నీ తీరిక ఇంతేనని తెలిసే రాస్తున్నాను బిడ్డా.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ బండిని ఇవాళ్టి బండిలా మార్చాలని చూడకు. అది ఏ తీరున తయారైందో ఆ తీరునే మళ్లీ పనిచేయించు. కింద రాసిందంతా ఈ మాటలోంచి వచ్చిందే.

దాని పుట్టుక తెలిస్తే దాని గుణం తెలుస్తుంది. 1956 చివర్లో అమెరికాలో విల్లీస్ కంపెనీ దీన్ని తెచ్చింది. రూపం బ్రూక్స్ స్టీవెన్స్‌ది. జీపుకున్న 81 అంగుళాల వీల్‌బేస్‌నే ఉంచి, క్యాబిన్‌ను ఇంజిన్ మీదికి జరిపారు. దాంతో అంత చిన్న బండికి ఆరడుగుల తొట్టి వచ్చింది. 1960ల మధ్యలో అక్కడ ఆగిపోయాక మహీంద్రా ఇక్కడ తయారుచేసింది. ఇంజిన్ హరికేన్, నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు. ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఈ సంగతి తెలియని మిస్త్రీ చేతికి ఇంజిన్ ఇవ్వకు.

ఇక కాగితాలు. రెంచి పట్టేముందు ఆర్‌సీ పట్టుకో. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడు. తర్వాత అది సొంత వాడుక కింద ఉందా, సరుకు రవాణా కింద ఉందా చూడు. అసలు చిక్కు అక్కడే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకే అవి వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. ఆ నంబరు తీసుకున్నాక రోజూ ఆఫీసుకు నడపడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. నీది సరుకు రవాణా బండిగా నమోదై ఉంటే ఏం చేయాలో ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. ఏజెంటు నోటిమాట మీద పైసలు పెట్టకు. సొంత వాడుక బండి అయితే 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ మామూలుగా నడుపుకోవచ్చు. నీకు నడపాలనే ఉంది కాబట్టి నా ఓటు దానికే.

పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించమని నీకు చాలామంది చెబుతారు. వద్దు. అనుమతి లేకుండా ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ గేరుబాక్సు, ఆ షాఫ్టులు, ఆ బ్రేకులు ఈ ఇంజిన్ బలానికి లెక్కకట్టి చేసినవి. ఒకటి మారిస్తే మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి తిప్పలు పెడతాయి.

మొదటి రెండు వారాంతాలు ఏదీ విప్పకు. చూడు, ఫోటోలు తీయి, రాసుకో. ఏ తీగ ఎక్కడికి పోతోంది, ఏ బోల్టు ఎంత పొడవు, ఏ వాషర్ ఏ వైపు అన్నీ రాయి. ఆఫీసులో కోడు మార్చేముందు పాతది దాచిపెట్టుకుంటావు కదా, ఇక్కడా ఆ అలవాటే పెట్టుకో. విప్పిన ప్రతి సామాను కవర్‌లో వేసి చీటీ కట్టు. పాత బండ్లు షెడ్లలో ఏళ్లకేళ్లు ముక్కలుగా పడి ఉండటానికి పెద్ద కారణం పైసలు లేకపోవడం కాదు, విప్పింది ఎలా బిగించాలో తెలియకపోవడం.

పని బ్రేకులతో మొదలుపెట్టు. ఇంజిన్ మోగించి చూడాలని మనసు లాగుతుంది. ఆగని బండి మోగి లాభం లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ఫ్లూయిడ్ దారి ఒక్కటే. ఒక్క పైపు పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే పైపులు, హోసులు, వీల్ సిలిండర్ల రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు అన్నీ కొత్తవి వేయించు. ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చు. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పినప్పుడు కంప్రెసర్ గాలి కొట్టనివ్వకు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మూటకట్టి పారేయమను. హ్యాండ్ బ్రేకు చక్రాలకు కాదు, వెనక షాఫ్టుకు పడుతుంది. నడుస్తుండగా లాగితే షాఫ్టు, క్రాసులు దెబ్బతింటాయి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి ఎప్పుడూ దూరకు. స్టాండ్లు పెట్టు.

ఇంజిన్‌కు వచ్చేసరికి ముందు కంప్రెషన్ చూపించు. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే బోరింగ్ జోలికి పోనక్కర్లేదు. పాయింట్ల గ్యాపు 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ప్లగ్గు గ్యాపు 30 థౌ, ఫైరింగ్ వరుస 1-3-4-2. ఫీలర్ గేజ్ కొనుక్కుని ఈ పని నువ్వే నేర్చుకో. నడవనని మొరాయించే పాత బండ్లలో చాలావాటికి జబ్బు పాయింట్లు, కండెన్సర్, పెట్రోలు చెత్త, ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఈ బండి పుట్టిన రోజుల్లో అది లేదు. పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను తినేస్తుంది, ట్యాంకులో నీరు చేరుస్తుంది. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించు, ట్యాంకు కడిగించు, కళ్లకు కనిపించే చోట ఫిల్టర్ పెట్టు. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకు. రేడియేటర్‌లో మీ అపార్ట్‌మెంటు బోరు నీళ్లు పోయకు. మన నేల నీళ్లలో సున్నం ఎక్కువ, ఇంజిన్ లోపల పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయి.

సామాను కోసం రాణిగంజ్ తిరుగు, హైదరాబాద్ ఆటోనగర్ చూడు, దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌కు ఒక పూట కేటాయించు. జీపు సామాను చాలావరకు దీనికీ సరిపోతుంది. దొరకనిది లేత్ మీద చేయించాలి. పెద్ద వయసు లేత్ మిస్త్రీలు, రేకు చూసి సుత్తితోనే వంపు తెచ్చే టింకరింగ్ మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్లతో బేరం మర్యాదగా చేయి, చాయ్ తాగుతూ పక్కన నిలబడు, చేసేది అడిగి రాసుకో. వాళ్ల పనితనం ఏ పుస్తకంలోనూ లేదు. నువ్వు రాస్తే ఉంటుంది. తుప్పు పట్టిన చోటే రేకు కోసి అతుకు వేయించు. బాడీ మొత్తం కొత్తది చేయిస్తానంటే ఒప్పుకోకు.

నడిపేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. ఈ బండి బరువంతా ముందే. మొదట్లో విల్లీస్ వాళ్లే వెనక ఇనుప బరువు పెట్టి పంపేవారు. ఖాళీ తొట్టితో దుర్గం చెరువు వంతెన మీదో, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ వంపులోనో గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు జారతాయి. నాలుగైదు ఇసుక బస్తాలు వెనక కట్టి పెట్టు, ముందు బండికి దూరం పాటించు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకు, గేర్లు బిగుసుకుంటాయి. మైండ్‌స్పేస్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లోకి అసలు తీసుకురాకు, వేడెక్కి ఆగుతుంది. ఆదివారం తెల్లవారుజామున శంకర్‌పల్లి వైపు ఒక గంట నడుపు. వారం వారం ఆ గంట నడిస్తేనే సీళ్లు ఎండవు, బ్యాటరీ చావదు, పెట్రోలు పాడవదు. గ్రీసు నిపిల్స్ అన్నిటికీ నీ చేత్తోనే గ్రీసు కొట్టు.

ఇంత శ్రమ దేనికని మీ అమ్మ నన్ను అడిగింది. ఆమెకు చెప్పిందే నీకూ చెబుతాను. నిజాంల 1912 నాటి రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రవాణా శాఖ ఆల్బియన్ బస్సును ఆర్టీసీ దాచుకుంది. కూరగాయలు, పాల క్యాన్లు, సిమెంటు మోసి ఊళ్లను నిలబెట్టిన చిన్న పికప్పులను మాత్రం కోసి తుక్కుకు అమ్మేశాం. మియాపూర్ ఆల్విన్ క్రాస్‌రోడ్స్‌కు ఆ పేరిచ్చిన కంపెనీ 1942లో మొదలైంది. బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు, వాచీలు చేసింది, జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేసింది. 1980ల చివర్లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. 1998లో సైబర్ టవర్స్ తెరవకముందు ఈ నగరం చేతులతో బతికింది. ఆ చేతిపని ఒక్క బండిలోనైనా నడుస్తూ మిగలాలని నా ఆశ. అది నీ చేతికి వచ్చినందుకు నాకు చాలా గర్వంగా ఉంది.

ముందు ఆర్‌సీ రెండు వైపులా, ఛాసిస్ నంబరు పలక ఫోటో తీసి పంపు. అవి చూసి ఆర్టీఏకు ఇవ్వాల్సిన అర్జీ నేను రాసిపెడతాను. బ్రేకులు విప్పే వారం చెప్పు, రెండు రోజులు ముందే వచ్చి నీ దగ్గరుంటాను. ఖర్చు ఎంతవుతుందో ఇప్పుడే లెక్కకట్టుకుని బెంగపడకు. ఈ నెల బ్రేకుల వరకు చూసుకో, చాలు.

చల్లగా ఉండు బిడ్డా.

మీ మామ