నీది ఉద్యోగమేనా, చెల్లీ?

కూర్మన్నపాలెంలో పర్మనెంటుకీ కాంట్రాక్టుకీ తేడా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణ వద్దంటూ 2021 ఫిబ్రవరిలో రిలే దీక్షల శిబిరం వేసింది ఇక్కడే. ఇలాంటి చోట కూడా ఎండీ పాసైన ఆడపిల్ల కార్పొరేట్ ఆసుపత్రిలో చేరిందంటే స్వీట్లు పంచుతారే గానీ, ‘అమ్మా, నీది ఉద్యోగమేనా?’ అని అడగరు.

అడగాల్సింది అదే. ప్రైవేటులో కొత్త స్పెషలిస్టుని చాలాచోట్ల జీతానికి పెట్టుకోరు, కన్సల్టెంట్‌గా ఒప్పందం రాయించుకుంటారు. నెలనెలా వచ్చేది ఫీజు. అందులో పదిశాతం టీడీఎస్ పట్టుకుంటారు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. మొదట్లో కొన్నాళ్లు మినిమం గ్యారంటీ అంటారు. గడువు తీరాక నువ్వు చూసిన ఓపీ మీద, చేసిన ఆపరేషన్ల మీద వాటా. పేషెంట్లు నీ పేరు చెప్పుకుని రావడానికి ఏళ్లు పడుతుంది, గ్యారంటీ అన్నాళ్లు ఉండదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటుంది. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో ఐదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు, ఆపైన సీనియర్ రెసిడెన్సీ. ముప్పై దగ్గర పడుతుంది. పెళ్లీ, కాన్పూ అప్పుడే. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. అయితే అది ఉద్యోగినికి దక్కే హక్కు. కన్సల్టెంట్ ఆసుపత్రికి రాకపోతే ఆ నెల ఫీజే లేదు. ఊరందరికీ పురుళ్లు పోసే గైనకాలజిస్టు, తాను పచ్చి బాలింతగా ఓపీలో కూర్చోవాల్సి రావడం అన్యాయం తల్లీ.

సర్కారు దారి కూడా చూడు. పాడేరులో 2024లో మెడికల్ కాలేజీ మొదలైంది. సీనియర్ రెసిడెన్సీ అనుభవం ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి పనికొస్తుంది. అక్కడ కూడా రెగ్యులరా, కాంట్రాక్టా అని మొహమాటపడకుండా అడుగు.

ప్రైవేటే అనుకుంటే, సెలవులూ, కాన్పు నెలల చెల్లింపూ, నోటీసు గడువూ కాగితం మీద రాయించుకో. వి.పి. శాంత కేసులో 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. కాబట్టి ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఎవరు కడతారో తేల్చుకో. ‘మానేశాక గాజువాక చుట్టుపక్కల ప్రాక్టీసు పెట్టకూడదు’ అని రాసి ఉంటే బెదిరిపోకు. వృత్తి చేసుకోనివ్వని షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. సంతకానికి ముందే ఆ వాక్యం కొట్టేయమను.