వేగం తప్పితే శ్రుతి తప్పుతుంది: ఒక జాజ్ రికార్డు కథ

న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు కిందటి వేసవిలో హైదరాబాద్ వస్తూ తన పాత టర్న్‌టేబుల్‌ను, దానితోపాటు కొన్ని జాజ్ ఎల్‌పీ రికార్డులను నా కోసం మోసుకొచ్చాడు. అమెరికాలో ఇళ్లకు వచ్చే విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230. అందుకని ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. మొదట పెట్టిన రికార్డు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. ట్రంపెట్ మోగగానే ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. దాని గొంతుకు జలుబు చేసినట్టుంది. పాట నిద్రమత్తులో నడుస్తున్నట్టుంది.

“ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం కదరా, ఇంకేం కావాలి దీనికి?” అన్నాడు అన్నయ్య.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, పౌనఃపున్యాన్ని మార్చదు. అమెరికా విద్యుత్తు సెకనుకు 60 సార్లు ఊగే ఏకాంతర ప్రవాహం, మనది 50 సార్లు. ఆ టర్న్‌టేబుల్‌లో ఉన్నది సింక్రనస్ మోటారు. ఈ రకం మోటారు వోల్టేజీ కాస్త పెరిగినా తగ్గినా పట్టించుకోదు. కరెంటు ఎన్నిసార్లు ఊగితే దానికి తగ్గట్టు లెక్కతప్పకుండా తిరుగుతుంది. 60కి బదులు 50 ఇస్తే వేగం ఆరింట అయిదు వంతులకు పడిపోతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 27.8 చుట్లే తిరుగుతుంది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో 3 నిమిషాలు పెట్టుకుని చుట్లు లెక్కపెట్టాలి. వేగం సరిగ్గా ఉంటే 100 చుట్లు రావాలి. మాకు 83 వచ్చాయి. ఈ పద్ధతిలో ఇంకో సుఖం కూడా ఉంది: ఒక చుట్టు తేడా వస్తే ఒక శాతం తప్పన్నమాట, వేరే లెక్క అక్కర్లేదు.

వేగం తగ్గితే పాట నెమ్మదిస్తుంది, అది అందరికీ తెలిసేదే. శ్రుతి కూడా అదే నిష్పత్తిలో దిగిపోతుంది. పౌనఃపున్యం ఆరింట అయిదు వంతులైతే స్వరం మూడు అర్ధస్వరాలకు పైగా కిందకి జారుతుంది. కర్ణాటక సంగీతం వినేవారికి చెప్పాలంటే, అయిదు శ్రుతిలో పాడిన కచేరీ మూడు శ్రుతిలో వినిపిస్తుంది. అంతకంటే విచిత్రమైన మార్పు వాద్యం గొంతులో వస్తుంది. వాద్యకారుడు తక్కువ స్వరం వాయించినప్పుడు ట్రంపెట్ ట్రంపెట్‌గానే ఉంటుంది. రికార్డు నెమ్మదించినప్పుడు అలా కాదు. మూలస్వరంతోపాటు దాని అనుస్వరాలు, ఊదిన క్షణంలో శబ్దం పైకి లేచే తీరు, గదిలో ప్రతిధ్వని మెల్లగా అణగడం, అన్నీ కలిసికట్టుగా సాగిపోతాయి. చెవికి అది ఇంకేదో పెద్ద వాద్యంలా తోస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అన్నయ్య దగ్గర స్ట్రోబ్ కార్డు ఉంది. రికార్డులాగే ప్లేటు మీద పెట్టే గుండ్రటి అట్ట అది, దాని చుట్టూ సమాన దూరంలో గీతలు ఉంటాయి. చోక్ ఉన్న పాత రకం ట్యూబ్‌లైటు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. ఒక వెలుగుకూ మరో వెలుగుకూ మధ్య ప్రతి గీతా సరిగ్గా పక్క గీత ఉన్న చోటికి చేరితే గీతలన్నీ కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. వేగం ఎక్కువైతే ముందుకు, తక్కువైతే వెనక్కి పాకుతాయి. అన్నయ్య కార్డును ప్లేటు మీద పెట్టి ట్యూబ్‌లైటు వేశాం. గీతలు బండరాయిలా నిలబడ్డాయి! కార్డు ప్రకారం వేగం నూటికి నూరుపాళ్లు సరైనదే.

కాసేపు నా ఎంఎస్సీ మీద నాకే అనుమానం వచ్చింది. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే తేలింది. ఆ కార్డు 60 హెర్ట్జ్ దేశానిది. అక్కడ లైటు సెకనుకు 120 సార్లు వెలుగుతుంది కాబట్టి దాని మీద 216 గీతలు ఉన్నాయి. మన 50 హెర్ట్జ్‌కు కావాల్సినవి 180. మోటారు ఎంత శాతం నెమ్మదించిందో, దాన్ని కొలిచే వెలుగు కూడా సరిగ్గా అంతే శాతం నెమ్మదించింది. రెండింటికీ కరెంటు వస్తున్నది ఒకే ప్లగ్గు నుంచి. తప్పు రెండు చోట్లా ఒకేలా ఉండటంతో కొలతలో కనిపించకుండా పోయింది. ఫోన్‌లోని గడియారానికి ఆ ప్లగ్గుతో సంబంధం లేదు కనుకే అది నిజం చెప్పగలిగింది.

పరిష్కారం తేలికే. బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్‌లో మోటారు ఇరుసుకు చిన్న పుల్లీ ఉంటుంది. దాని వ్యాసం అయిదో వంతు పెంచితే తగ్గిన వేగం తిరిగి వచ్చేస్తుంది. ఐరోపాలోనూ 50 హెర్ట్జే కాబట్టి అక్కడి మోడల్ పుల్లీ తెప్పించి బిగించాం. మళ్లీ లెక్కపెడితే 100 చుట్లు.

ఈ తంటా అంతా ‘కైండ్ ఆఫ్ బ్లూ’తోనే జరగడం నాకు తమాషాగా అనిపించింది. ఎందుకంటే ఆ రికార్డులోనే ఇలాంటి వేగం తప్పు ఒకటి దాగి ఉంది. 1959 నుంచి 1992 వరకు, అంటే 33 ఏళ్లపాటు, ప్రపంచమంతా దాన్ని ఆ తప్పుతోనే విన్నది.

ఆ సంగతికి వెళ్లేముందు గాడిలో ఏముంటుందో చూద్దాం. ఎల్‌పీని కొలంబియా సంస్థ 1948లో తెచ్చింది. అంతకుముందు ఉన్నవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు. ఆ లక్కలో చాలా భాగం మన ఛోటానాగ్‌పుర్ అడవుల లక్కపురుగుల నుంచి వెళ్లిందే. వాటిలో ఒక వైపుకు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. వినైల్‌లో సన్నటి గాడి కోయవచ్చు, నెమ్మదిగా తిప్పవచ్చు. అందువల్ల వైపుకు ఇరవై నిమిషాలు దాటి చోటు దొరికింది. తొమ్మిది నిమిషాల పాటలో ముగ్గురు నలుగురు వంతులవారీగా తాపీగా మనోధర్మం చూపగలగడం ఈ చోటు వల్లే.

ఒక వైపు ఉన్న గాడిని విప్పి చాపితే సుమారు అర కిలోమీటరు పొడవు వస్తుంది. శబ్దం ఆ గాడి గోడల మీద అలలుగా కోసి ఉంటుంది. వజ్రపు ముల్లు ఆ అలల వెంట ఊగుతుంది, దానికి కలిపిన అయస్కాంతం తీగచుట్టల మధ్య కదులుతుంది, ఫారడే సూత్రం ప్రకారం కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది. ఆ పొడవులో ‘కాలం’ అంటూ ఎక్కడా రాసి ఉండదు. ఉన్నది దూరమే. దాన్ని కాలంగా మార్చేది ప్లేటు తిరిగే వేగం.

దూరం అనగానే ఎల్‌పీకి పుట్టుకతో ఉన్న ఒక లోపం చెప్పాలి. చుట్టుకు పట్టే సమయం ఎప్పుడూ 1.8 సెకన్లే. కానీ బయటి అంచు దగ్గర ఆ సమయంలో ముల్లు కింద నుంచి 92 సెంటీమీటర్ల గాడి జరిగిపోతే, లోపలి చివర 38 సెంటీమీటర్లే జరుగుతుంది. 10,000 హెర్ట్జ్ శబ్దపు ఒక అల అంచు దగ్గర 51 మైక్రాన్ల పొడవుంటే, లోపల 21 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధం దాదాపు 18 మైక్రాన్లు. అంత ఇరుకు మలుపుల్లో అది సరిగ్గా దూరలేదు. అందుకే వైపు ముగిసేచోట తాళాల మోత, ట్రంపెట్ పదును కాస్త మసకబారతాయి. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపు చివరన ‘బ్లూ ఇన్ గ్రీన్’, రెండో వైపు చివరన ‘ఫ్లమెంకో స్కెచెస్’ ఉన్నాయి. రెండూ మెల్లగా, సద్దుమణిగినట్టు సాగే పాటలే. గాడి బలహీనంగా ఉన్నచోట దాన్ని కష్టపెట్టని సంగీతం ఉండటం వినేవారికి మేలే అయ్యింది.

ఇక 1959 మార్చి 2. న్యూయార్క్‌లో ఒక పాత చర్చిని స్టూడియోగా మార్చి కొలంబియా వాడుకునేది. మైల్స్ డేవిస్ బృందం ఆ రోజు అక్కడ మూడు పాటలు వాయించింది: ‘సో వాట్’, ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’. ఎల్‌పీ మొదటి వైపు మొత్తం ఇవే. రెండో వైపు పాటల్ని ఏప్రిల్ 22న రికార్డు చేశారు. మార్చి నాటి ప్రధాన టేపు మెషీన్ ఉండాల్సిన దానికన్నా కొంచెం నెమ్మదిగా తిరిగింది.

మెషీన్ నెమ్మదిస్తే పాట కూడా నెమ్మదిస్తుందనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. స్టూడియోల్లో వాడుకలో ఉన్న ఒక వేగం సెకనుకు 38 సెంటీమీటర్లు. మెషీన్ రెండు శాతం నెమ్మదించిందని ఉదాహరణకు అనుకుందాం. అప్పుడు ఒక సెకను సంగీతం 38కి బదులు 37.2 సెంటీమీటర్ల టేపు మీదే నమోదవుతుంది. ఆ టేపును తర్వాత సరైన వేగంతో తిరిగే మరో మెషీన్ మీద పెడితే, ఆ ముక్క సెకను కన్నా ముందే అయిపోతుంది. పాట వేగం పెరుగుతుంది, శ్రుతి పైకెక్కుతుంది. తొమ్మిది నిమిషాల పాటలో 11 సెకన్లు హరించుకుపోతాయి.

మరి ఆ రోజు స్టూడియోలో ఎవరికీ తెలియలేదా అని అడగవచ్చు. నెమ్మదించిన మెషీన్ మీదే టేపును వెనక్కి తిప్పి వింటే అంతా సరిగ్గానే వినిపిస్తుంది! నెమ్మదిగా రాసినదాన్ని అంతే నెమ్మదిగా చదివితే తప్పు కొట్టుకుపోతుంది. మా స్ట్రోబ్ కార్డు గీతలు కదలకుండా నిలిచినట్టే ఇది కూడా.

తప్పు అర్ధస్వరం కన్నా తక్కువే. ఒక శాతం వేగం తేడాకు శ్రుతి 17 సెంట్లు మారుతుంది, అర్ధస్వరానికి 100 సెంట్లు. ఊరికే వినేవారికి ఇంత తేడా తెలియదు, పోల్చి చూడటానికి పక్కన ఇంకో స్వరం లేదు కదా. ఇబ్బంది పడింది రికార్డుతోపాటు వాయించాలని చూసిన వాద్యకారులు.

వాళ్ల ఇబ్బంది ఏమిటో ‘సో వాట్’ నిర్మాణం చూస్తే తెలుస్తుంది. అది డి మూలంగా డోరియన్ అనే స్వరక్రమంలో నడుస్తుంది. డోరియన్ అంటే మన ఖరహరప్రియ మెట్లే. 16 బార్లు అలా నడిచాక, 8 బార్లపాటు మొత్తం స్వరక్రమం ఒక్క అర్ధస్వరం పైకి జరుగుతుంది, తర్వాత 8 బార్లు మళ్లీ కిందకి. ఒక చక్రానికి ఇంతే. పాటకు ప్రాణమంతా ఆ చిన్న అడుగులోనే ఉంది. 293.7 హెర్ట్జ్ డి నుంచి 311.1 హెర్ట్జ్ ఇ-ఫ్లాట్‌కు మారడమే అది. పాత రికార్డు ఆధారంగా పియానోతో కలుపుదామని చూసేవారికి మూలస్వరం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో తగిలేది. గిటార్ అయితే తీగ బిగించుకుని సర్దుకోవచ్చు. పియానో సర్దుకోదు. అందుకే ఇక్కడ పియానోయే నమ్మదగిన సాక్షి.

1992లో కొత్త సీడీ తయారు చేస్తున్నప్పుడు తప్పు సరిదిద్దారు. అదెలా కుదిరిందన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మార్చి 2న ప్రధాన మెషీన్‌తోపాటు రెండో మెషీన్ మీద కూడా జాగ్రత్త కోసం టేపు నడిపారు. అది సరైన వేగంతో తిరిగింది. 33 ఏళ్లుగా దాచి ఉంచిన ఆ అదనపు టేపులను తీసి వాడారు. మొదటి మెషీన్ మోటారుతో సంబంధం లేని ఇంకో మోటారు ఆ రోజు గదిలో ఉండటం వల్లే, ఆ బృందం అసలు ఏ శ్రుతిలో వాయించిందో మనకు దక్కింది.

అయితే ఏది ‘అసలు’ రికార్డు? 1959 నాటి ముద్రణనే గొప్పగా దాచుకునేవారు ఉన్నారు. ఆ ఎక్కువ శ్రుతే చెవికి అలవాటై, సరిచేసిన దాన్ని వింటే కాస్త బరువుగా ఉందనేవారూ ఉన్నారు. నా ఓటు రెండో టేపుకే. వాయించినవారు విన్న శ్రుతి ఒకటి ఉంది, దాన్ని మెషీన్ మార్చింది, అంతే. అలవాటైన తప్పు మీద ప్రేమ ఉండటం తప్పేమీ కాదు, దాన్ని నిజం అనుకోకపోతే చాలు.

మీ దగ్గర ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలంటే ముందు 3 నిమిషాల లెక్కతో టర్న్‌టేబుల్‌ను పరీక్షించండి. 100 చుట్లు వచ్చాకే ‘సో వాట్’ పెట్టి, ఫోన్‌లో శ్రుతి చూపే ఆప్ తెరవండి. సూది డి దగ్గర కాకుండా దానికి పైన ఆగుతుంటే అది పాత టేపు ముద్రణ కావచ్చు. సుదీర్ఘమైన పియానో స్వరం 1.8 సెకన్లకోసారి ఊగుతుంటే మాత్రం అది వేరే జబ్బు, ప్లేటు మధ్య రంధ్రం పక్కకు పడిందని అర్థం. రంధ్రం అర మిల్లీమీటరు జరిగినా, కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో శ్రుతి అటూ ఇటూ అర శాతం కదులుతుంది.

అన్నయ్య తెచ్చిన రికార్డు పాత టేపుదే అని తేలింది. టర్న్‌టేబుల్‌కు వేగం కొద్దిగా మార్చే నాబ్ ఉన్నవారు మొదటి వైపుకు దాన్ని తగ్గించి, పియానోతో శ్రుతి కలుపుకుని వినవచ్చు. రెండో వైపు తిప్పగానే నాబ్‌ను మళ్లీ సున్నాకు తేవడం మరిచిపోకూడదు. ఏప్రిల్ 22న మెషీన్ బాగానే తిరిగింది.