ఛార్జ్ అప్పగించేటప్పుడు

మా సంగారెడ్డి జిల్లా పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారే పది నిమిషాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దిగిపోయే ఆపరేటర్ లాగ్‌బుక్‌లో సంతకం పెడతాడు, ఎక్కేవాడు దాని కింద సంతకం పెడతాడు. ఆ రెండు సంతకాల నడుమ నోటితో చెప్పాల్సినవి కొన్నుంటాయి. ఏ వాల్వు మరమ్మతులో ఉంది, ఏ రియాక్టర్‌లో వేడి ఎక్కువ చూపిస్తోంది, ఏ పంపు జోలికి పోకూడదు. 1988 జులై 6న స్కాట్లాండ్‌కు దూరంగా సముద్రంలో, పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద, ఆ మాట ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు చేరలేదు. ఒక పంపుకున్న సేఫ్టీ వాల్వును పగటివాళ్లు మరమ్మతు కోసం విప్పారు. రాత్రి రెండో పంపు ఆగిపోతే, సంగతి తెలియనివాళ్లు మొదటి పంపును నడిపించారు. 167 మంది చనిపోయారు.

పదవీ విరమణ సభల్లో కూర్చున్నప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు. ఎన్నేళ్ల సర్వీసో, ఏయే ఊళ్లో, ఏ అవార్డులో చెబుతారు. అవన్నీ కష్టపడి సంపాదించుకున్నవే, సంతోషంగా చప్పట్లు కొడతాం. కానీ రేపు ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషికి అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకదు. జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఛార్జ్ అప్పగిస్తున్నట్టు చూసుకోండి.

ఈ మాట నాకు పట్టాలాగా ఎవరో ఇచ్చింది కాదు, మూడు రకాల పనుల్లో తిరిగి పోగుచేసుకున్నాను. మొదట సంగారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను. ఆ తర్వాత సైన్యంలో ఎడ్యుకేషన్ కోర్‌లో హవల్దార్‌గా చేరాను. సైన్యమంటే తుపాకీ ఒక్కటే అనుకునేవాళ్లకు ఈ కోర్ సంగతి తెలియదు. 1947లో ఏర్పడింది, దాని శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. జవాన్లకు భాష, లెక్కలు, మ్యాప్ చదవడం నేర్పడం మా డ్యూటీ. ప్రమోషన్ కావాలంటే విద్యా పరీక్షలు పాసవ్వాలి కాబట్టి, మీసాలు నెరిసిన నాయక్‌లు కూడా నోటుబుక్కులు పట్టుకొని బెంచీల మీద కూర్చునేవాళ్లు. ఆరంకెల గ్రిడ్ రెఫరెన్స్‌తో వంద మీటర్ల గడిలోకి చోటును కుదించడం బీహార్ పొలాల్లోంచి వచ్చిన కుర్రాడికి ఒక్క పూటలో పట్టుబడేది. పుస్తకం తెరిస్తే బెదిరే ఆ కుర్రాడే, కొండ వాలును మ్యాప్‌లో గీతల దగ్గరతనం చూసి చెప్పేసేవాడు. తెలివికి చదువు ఆనవాలు కాదని నేను నేర్చుకున్నది అక్కడే.

అక్కడే చూసిన ఇంకో పద్ధతి హ్యాండింగ్ టేకింగ్. స్టోర్ మారినా, గార్డు మారినా, అప్పగించేవాడూ అందుకునేవాడూ పక్కపక్కన నిలబడి ఒక్కో వస్తువూ లెక్కపెడతారు. తక్కువైతే తక్కువని రాస్తారు, పాడైతే పాడైందని రాస్తారు. కొరత రాయడం వల్ల ఎవరికీ పరువు పోదు. దాచిపెట్టి సంతకం తీసుకుంటేనే పోతుంది, ఎందుకంటే ఆ కొరత కొత్తగా వచ్చినవాడి మెడకు చుట్టుకుంటుంది. మన సొంత జీవితం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఈ నిజాయితీని ఎందుకు వదిలేస్తామో నాకు అంతుపట్టదు.

బడులలో సగం అప్పగింతే జరుగుతుంది. బదిలీ అయిన టీచరు అడ్మిషన్ రిజిస్టరు ఇస్తారు, క్యాష్‌బుక్ ఇస్తారు, మధ్యాహ్న భోజనం బియ్యం ఎన్ని కిలోలున్నాయో రాసిస్తారు. పిల్లల్ని అప్పగించరు. ఎవరికి బోర్డు కనిపించదో, తండా నుంచి నడిచొచ్చే అమ్మాయి మొదటి పీరియడ్‌కు ఎందుకు ఆలస్యమవుతుందో, ఎవడు తిడితే మూగబోయి మెచ్చుకుంటే లేచి నిలబడతాడో, ఇవన్నీ ఆ టీచరుతోనే వెళ్లిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాలి. ఆ లోపల పిల్లల చదువులో ఒక ఏడాది కరిగిపోతుంది. నాకు తెలిసిన ఒక మేడమ్ మాత్రం బదిలీ అయిన రోజు పిల్లల గురించి నాలుగు పేజీలు చేత్తో రాసి ఇచ్చి వెళ్లారు. నేను చూసిన గొప్ప విరమణ ప్రసంగం అదే.

ఇక మా ప్రాంతం. ఇక్కడి జీవితాలన్నీ ఎవరో ఒకరి నుంచి అందుకున్నవే. ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి సారథ్ యుద్ధ వాహనాలు తయారుచేసింది. 2008లో ఐఐటీ హైదరాబాద్ తొలి తరగతులు ఆ ఆవరణలోనే నడిచి, తర్వాత కంది దగ్గర సొంత ప్రాంగణానికి వెళ్లాయి. పటాన్‌చెరులో 1972లో వచ్చిన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తన నమూనాలను లక్షకు పైగా దాస్తోంది. అందుకున్నవాటిలో విషం కూడా ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు పొడవునా ఉన్న రైతులను అడిగితే చెబుతారు.

ఆ విషం గురించి మాట్లాడితే డాక్టర్ ఎ.కిషన్‌రావును తలచుకోవాలి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ, రోగుల ఒంట్లో కనిపిస్తున్నదానికీ వాగులో పారుతున్నదానికీ ముడి ఉందని ఏళ్ల తరబడి అడిగిన మనిషి ఆయన. ఈ ప్రాంత కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, విచారణ ఎన్నో ఏళ్లు సాగింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచం మాట్లాడుకునే చాలాచోట్ల ఆ అంకె ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక మనిషి ఆయుష్షులో ముగియని పని ఇది. అందుకే వివరాలు కాగితం మీద ఉండాలి. కోపం ఒక తరంతో చల్లారిపోతుంది, కొలిచి రాసిన అంకెను మాత్రం తర్వాతివాళ్లు అందుకొని నడవగలరు.

నా మూడో పని ఇక్కడే మొదలైంది. రిటైరై వచ్చాక నేను కూడా ఏదో ఒకటి చేయాలనుకున్నాను. ఇస్నాపూర్ వైపు అద్దె గదుల్లో ఉండే కార్మికుల్లో ఎక్కువమందికి తెలుగు రాదు. నా జవాన్ల ఊళ్లవాళ్లే వాళ్లు, బీహార్, జార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్. సైన్యం నాకిచ్చిన హిందీ ఇక్కడ పనికొచ్చింది. బ్యాంకు ఫారాలు నింపడంతో మొదలై, ఆదివారం పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే క్లాసు దాకా వచ్చింది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇతర రాష్ట్రాల కార్మికులే. పక్క గదిలో ఉండేవాడి ఊరేమిటో, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం ఎంత అవసరమో ఆ రోజు ఈ ప్రాంతమంతటికీ అర్థమైంది. అప్పటి నుంచి క్లాసుకు వచ్చే ప్రతి పిల్లాడి ఇంటి నంబరూ, సొంతూరి నంబరూ రాసుకుంటున్నాం.

మీరు యాభై దాటినవాళ్లయితే, ఈ వారమే ఒక కాగితం తీసుకోండి. బతుకంతా రాయనక్కర్లేదు. మీ చేతిలో ఇప్పుడున్న పని ఒకటి పట్టుకోండి: ఉద్యోగం కావచ్చు, అపార్ట్‌మెంట్ సంఘం కావచ్చు, ఇంట్లో అమ్మ మందుల లెక్క కావచ్చు. ముందుగా, సగంలో ఆగి ఉన్నది రాయండి, తర్వాత పాడైంది రాయండి. మీకొక్కరికే తెలిసిన సంగతులు రాయడం అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే మనకొక్కరికే తెలిసినందువల్లే మనకు విలువ ఉందని లోపల ఎక్కడో అనుకుంటాం. ఆ భయం దాటితే మనిషి పెద్దవాడవుతాడు. ఇరవైల్లో ఉన్నవాళ్లకు నా మాట వేరు. పెద్దలు జ్ఞాపకాలు చెబుతుంటే మొహమాటపడకండి, ‘ఇందులో పూర్తికానిది ఏది సార్?’ అని అడగండి. ఆ ప్రశ్న వాళ్లకు సన్మానం లాంటిది.

ఇప్పుడు ఆదివారం క్లాసును ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయికి అప్పగిస్తున్నాను. కాగితం రాసిచ్చాను. జార్ఖండ్ అన్నాచెల్లెళ్లలో చెల్లెలు చదువుతుంది, అన్న చదివినట్టు పెదాలు కదుపుతాడు, వాణ్ని అందరి ముందూ అడగొద్దు అని రాశాను. జూన్‌లో బడిలో చేర్పించడానికి ఇద్దరికి ఆధార్ కార్డులు లేవని రాశాను. కొరత కింద ఒకటే రాశాను: ఒడియా మాత్రమే వచ్చిన పిల్లలకు నేనేమీ చేయలేకపోయాను, ఆ భాష వచ్చిన మనిషి కావాలి. ఆమె నా ఎదుటే రెండుసార్లు చదివింది. వాళ్ల క్యాంటీన్‌లో ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడట, అడిగి చూస్తానంది. వచ్చే ఆదివారం నుంచి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.