ఫార్మా కాకుండా కెమిస్ట్రీలో ఇంకో దారి: వాయువులను పట్టే పాలిమర్లు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తే ఫార్మా, లేదంటే లెక్చరర్ ఉద్యోగం. మన దగ్గర చాలామంది లెక్క అంతవరకే. దాన్ని దాటి చూడండి. 2025లో రసాయన శాస్త్ర నోబెల్ సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు దక్కింది లోహ-సేంద్రియ చట్రాలను (ఎంఓఎఫ్) కనిపెట్టినందుకే. వాటికి దగ్గరి చుట్టాలు పోరస్ పాలిమర్లు. వీటిలో లోహం ఉండదు. సేంద్రియ అణువులే గట్టి బంధాలతో అల్లుకుని, మధ్యలో అతి సూక్ష్మమైన ఖాళీలు వదులుతాయి. 2009లో వెలువడ్డ పీఏఎఫ్-1 అనే ఇలాంటి పాలిమర్ ఒక్క గ్రాములో లోపలి ఉపరితలం సుమారు 5,600 చదరపు మీటర్లు. అంటే ఎకరా 38 సెంట్లు!

హైడ్రోజన్, మీథేన్ నిల్వకు సాధారణంగా ఈ లోపలి ఉపరితలం ఎంత ఎక్కువుంటే అంత మేలు. కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలో అది 12-15 శాతం, మిగతాది ఎక్కువగా నైట్రోజన్. రెండు అణువుల సైజులు 3.3, 3.64 ఆంగ్‌స్ట్రామ్‌లు, జల్లెడ పట్టి వేరుచేద్దామంటే కుదిరేంత తేడా కాదు. అందుకే రంధ్రాల గోడలకు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే అమైన్‌లు తగిలిస్తారు. పట్టు మరీ బిగిస్తే గ్యాస్‌ను విడిపించడానికి వేడి ఖర్చు తడిసి మోపెడవుతుంది. వదులైతే గ్యాస్ నిలవదు. పైగా పొగలోని నీటి ఆవిరితో ఇంకో తంటా! 2024లో బర్క్‌లీ బృందం చేసిన సీఓఎఫ్-999 అనే పోరస్ పాలిమర్ బయటి గాలిలోనే 100 సార్లకు పైగా గ్యాస్‌ను పట్టి వదిలింది. నా దృష్టిలో ఉపరితలం అంకె కన్నా ఈ ఓర్పే గొప్ప.

చేతిపని మాటకొస్తే, పీఏఎఫ్-1ను యమమోటో కప్లింగ్‌తో చేశారు. మరికొన్నింటికి సుజుకి, సోనొగాషిరా. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో కప్లింగ్‌లు చేస్తున్నవారికి సగం విద్య వచ్చేసినట్టే. మిగతా సగం కొలత. పొడిని గాజు గొట్టంలో వేసి, వ్యాక్యూమ్‌లో వేడిచేసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, 77 కెల్విన్ దగ్గర ఎంత నైట్రోజన్ పీల్చుకుందో చూడాలి. లోపలి ఉపరితలాన్ని లెక్కగట్టే బీఈటీ పరీక్ష ఇదే. రంధ్రాల్లో సాల్వెంట్ కాస్త మిగిలినా మంచి పదార్థం కూడా పనికిరానిదానిలా కనిపిస్తుంది. ఈ జాగ్రత్త పుస్తకం చదివితే రాదు, చేస్తేనే వస్తుంది.

డిగ్రీలో ఉన్నవారికి జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయడం ఒక మార్గం. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-నెట్, గేట్ ముఖ్యం; జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. మన రాష్ట్రాల్లో ఐసర్ తిరుపతి, హైదరాబాద్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్, ఐఐసీటీల అధ్యాపకుల పేజీలు ఓపిగ్గా వెతకండి. కార్బన్ క్యాప్చర్‌పై జాతీయ ఉత్కృష్టతా కేంద్రాలు ఐఐటీ బాంబేలో, బెంగళూరు జేఎన్‌సీఏఎస్ఆర్‌లో ఉన్నాయి.

ఉన్నమాట చెప్పాలి: దేశంలో పరిశ్రమ ఉద్యోగాలు ఇంకా కొన్నే. టాటా స్టీల్ 2021లో జంషెడ్‌పూర్‌లో పెట్టిన, రోజుకు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్లాంటు, ఎన్‌టీపీసీ వింధ్యాచల్ ప్లాంటు నడిచేది అమైన్ ద్రావణాలతోనే. కాబట్టి పాలిమర్‌తో పాటు ద్రావణాల పద్ధతి, కొంత ప్రాసెస్ ఇంజినీరింగ్ కూడా నేర్చుకోండి. గైడ్‌ను ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లను ఒకటే అడగండి: బీఈటీ యంత్రం మీరే నడుపుతారా, శాంపిల్స్ బయటికి పంపుతారా?