ల్యాప్‌టాప్‌పై నీళ్లు, కాఫీ ఒలికితే ఏం చేయాలి?

విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక ముఖ్య విషయం. ల్యాప్‌టాప్‌పై నీళ్లు ఒలికినప్పుడు దానిని ఎక్కువగా పాడుచేసేది నీళ్లు కావు, ఆ తడిలో పారే కరెంటు.

శుద్ధమైన నీటిలో కరెంటు దాదాపు పారదు. కానీ మన పావగడ తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడుతో పాటు ఎన్నో లవణాలు కరిగి ఉంటాయి. అందువల్ల కరెంటు సులభంగా పారి, లోపలి బోర్డు మీది సన్నని రాగి గీతలను తినేస్తుంది. కాఫీ, టీలలోని పాలు, చక్కెర ఆరిన తరువాత కూడా జిగురుగా అంటుకొని ఉంటాయి.

చెక్కు పోతే ముందు బ్యాంకులో స్టాప్ పేమెంట్ చెప్పి, తరువాత వెదుక్కుంటాము. ఇక్కడా అంతే, ముందు కరెంటు ఆపాలి.

వెంటనే చేయవలసినవి:

1. గోడ దగ్గర స్విచ్ ఆపి, పొడి చేతులతో ఛార్జరు తీయండి.
2. పవర్ బటన్‌ను 10 సెకన్లకు పైగా నొక్కి పట్టి ఆపేయండి. ఫైలు సేవ్ చేయాలని ఆగవద్దు.
3. బ్యాటరీ ఊడే రకమైతే తీయండి. అది ఉబ్బినా, పొగ వచ్చినా ముట్టుకోక దూరంగా జరగండి.
4. నూలు గుడ్డతో తడి అద్ది, మూత తెరిచి, గుడారంలాగా బోర్లించి ఫ్యాను గాలికి ఉంచండి.

చేయకూడనివి: ఎండలో పెట్టడం, వేడి గాలి కొట్టడం, బియ్యంలో పూడ్చడం. బియ్యం లోపలి తడిని లాగలేదు, పైగా దుమ్ము చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పనిచేస్తుందో లేదో అని ఆన్ చేసి చూడవద్దు.

బ్యాటరీ లోపలే బిగించిన రకాలలో, ఆపేసినా బోర్డుకు కొంత కరెంటు అందుతూనే ఉంటుంది. కనుక వీలైనంత త్వరగా రిపేరు తెలిసినవారి చేత బ్యాటరీ విడదీయించి, లోపల శుభ్రం చేయించండి. కాఫీ పడితే ఆరబెట్టడం ఒక్కటే చాలదు.

తల్లిదండ్రులకు మనవి. తిడతారన్న భయంతో పిల్లలు పైపైన తుడిచి, చెప్పకుండా బ్యాగులో పెట్టేస్తారు. మరుసటి రోజు ఆన్ చేస్తారు. మదర్‌బోర్డు కాలిపోయేది అప్పుడే. ఒలికిన వెంటనే చెప్పిన బిడ్డను కోప్పడకండి. ఆ పది నిమిషాలే వేల రూపాయలు మిగిలిస్తాయి. మామూలు వారంటీ సాధారణంగా ఇటువంటి నష్టానికి వర్తించదు. కొనేటప్పుడే ప్రమాద రక్షణ విడిగా ఉందేమో అడిగి, బిల్లు దాచుకోండి.

ల్యాప్‌టాప్ పోతే మరొకటి కొనవచ్చు. అందులోని ప్రాజెక్టు, నోట్సు కొనలేము. కొన్ని కొత్త రకాలలో సమాచారం దాచే చిప్పు బోర్డుకే అతికి ఉంటుంది. బోర్డు కాలితే దానిని బయటకు తీయడం చాలా కష్టం. అందుకే వారానికొకసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి. మార్క్స్ కార్డులు, ఆదాయ, కుల ధృవపత్రాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు ప్రతులు డిజిలాకర్‌లోనో, ఈమెయిల్‌లోనో కూడా ఉంచుకోండి. దరఖాస్తు గడువు మన యంత్రం బాగయ్యేదాకా ఆగదు.