పోటీ పరీక్షల ప్రత్యేకం: అడవి దారిలో పగిడిద్దరాజు

మేడారం జాతర అనగానే హనుమకొండ అభ్యర్థులకు జనసంద్రం, జంపన్న వాగు గుర్తొస్తాయి. దేవతలు వచ్చే దారుల మీద మాత్రం చదువరుల దృష్టి తక్కువ. నా లెక్కలో అసలు చదవాల్సింది అదే.

సమ్మక్క భర్త పగిడిద్దరాజు స్థానం మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని పూనుగొండ్ల. అక్కడి నుంచి కోయ పూజారులు ఆయనను అడవి దారిలో, కోయ గూడేల మీదుగా కాలినడకన మేడారం తెస్తారు. రోడ్లు పడ్డాక కూడా ఈ నడక ఆగలేదు, అది ఎంతో గొప్ప సంగతి. సారలమ్మ భర్త గోవిందరాజు కొండాయి నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తారు. ముగ్గురూ గద్దెలకు చేరేది బుధవారం. సమ్మక్క గురువారం చిలకలగుట్ట దిగుతుంది. శనివారం వనప్రవేశం.

జిల్లాల దగ్గర జాగ్రత్త: మేడారం 2016 వరకు వరంగల్, ఆపై జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు. రాష్ట్ర పండుగ హోదా 1996లో వచ్చింది. జాతర రెండేళ్లకోసారి, మాఘమాసంలో. జంపన్న వాగు పాత పేరు సంపెంగ వాగు.